ఒక్క బల్బు

రైలు వికారాబాదు దాటి ఇంకా నాలుగు పొలాలైనా వెనక్కి పోలేదు, మార్త మనసు అప్పుడే తాండూరు చేరి ఇంట్లో కూర్చుంది. కిటికీ ఊచల మీద ముసురు నీళ్లు జారుతున్నాయి, గాలి తిరిగినప్పుడల్లా బొగ్గు నలుసులు కంట్లో పడుతున్నాయి, పక్కన ఎవరో వేరుశనక్కాయలు ఒలిచి పొట్టంతా ఆమె చీర మీదికే ఊదుతున్నారు. అవేవీ ఆమెకు పట్టడం లేదు. కళ్ల ముందు చాయ్‌పత్తి చెక్కపెట్టె ఉంది. కింది అరలో రెండు బల్బులు, వాటి మీద చిల్లుల రేకు, రేకు మీద మెత్తటి బొంత, బొంత మీద చెల్లెలు రాహేలు ఏడో నెలలోనే కన్న పసిది. పాలు గుటకేస్తోంది, ఊపిరి బాగానే ఉంది, ఇక దీనికి కావలసిన మందు వెచ్చదనం ఒక్కటేనని దవాఖాన డాక్టరమ్మ ఇంటికి పంపేసింది. వాళ్ల దగ్గర ఉన్నదే ఒక్క కరెంటు పెట్టె, దాంట్లోకి దీనికంటే చిన్నది ఇంకొకటి వచ్చింది, పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది! అమ్మ సుమిత్రమ్మ మోకాళ్ల మీద పడి ప్రార్థన మొదలుపెట్టింది. మార్త మాత్రం నేరుగా కిరాణా కొట్టుకు పోయి ఖాళీ పెట్టె అడిగి తెచ్చింది. దేవుడు దయ చూసుకుంటాడు గాని వాట్లు మనమే చూసుకోవాలె అంది. అమ్మకు కోపం వచ్చింది. వస్తే వచ్చింది, పెట్టె మాత్రం వెచ్చగా ఉంది, వారం రోజుల్లో పసిదాని బుగ్గకు కాస్త రంగు కూడా వచ్చింది.

ఆ రంగు తన లెక్కది. ఈ మాట పైకి అనకూడదు, గర్వమంటారు, ఆదివారం గుడిలో పాస్టరుగారు దాని మీదే గంటసేపు చెబుతారు. కానీ లోపల అనుకోవడానికి ఎవరి అడ్డు? బాలికల హైస్కూల్లో సైన్సు టీచరు అయిన నాటి నుంచి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన లెక్క, వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, పిల్లలు నిద్రమొహాలతో ఎక్కించుకున్న లెక్క, మొదటిసారి ఒక ప్రాణం కింద పని చేస్తోంది. పాఠం చెప్పిన మొదటి ఏడే ఒక నవ్వులాట జరిగింది. భీమమ్మ అనే పిల్ల, మహా గడుగ్గాయి, టార్చి బ్యాటరీకి ఇంటి బల్బు తగిలించి, వెలగని బల్బుకు వోల్టులూ ఆంపియర్లూ కొలిచి, భాగించి, వచ్చిన నిరోధంతోనే ఇంటి వోల్టులకు వాట్లు కట్టి, టీచర్ టీచర్ మా ఇంట్ల బల్బు ఐదొందల వాట్లు తింటది అని కేకలు పెట్టింది. క్లాసంతా గొల్లుమంది. తప్పు పిల్లది కాదు. తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఇంతే ఉంటుంది, కాలినకొద్దీ పెరుగుతుంది. అందుకే ఏ వోల్టు దగ్గర వెలిగితే ఆ వోల్టు దగ్గరే కొలవాలి. ఆ రోజు పిల్లలకు అలా చెప్పి ఊరుకోలేదు మార్త, పెట్టె విషయంలో తానూ అలాగే చేసింది. తాండూరు కరెంటు సంగతి ఆమెకు తెలియనిదా! బల్బు మీద రెండు వందల ముప్పై వోల్టులు, నలభై వాట్లు అని అచ్చు వేసి ఉంటుంది, ఆ అచ్చును నమ్మి ఏ తాండూరు మనిషీ మోసపోడు. ఇక్కడ ట్యూబులైటు పట్టుకోవాలంటే పది నిమిషాలు కొట్టుకుంటుంది, రేడియోలో పాడే మనిషికి జలుబు చేసినట్టుంటుంది. నాపబండలు నున్నగా చేసే మిషన్లు ఊరి చుట్టూ పగలూ రాత్రీ తిరుగుతుంటే ఇళ్లకు మిగిలేది అంతే.

కాబట్టి అచ్చును పక్కన పెట్టి కొలిచింది. వికారాబాదు కరెంటాఫీసులో పని చేసే కరీముద్దీన్‌ సాబు దగ్గర వోల్టుమీటరు, అమ్మీటరు అడిగి తెచ్చింది. ఆయన కూతురు ఒకప్పుడు ఈమె దగ్గరే చదివింది, కాదనలేదు. పొద్దున కొలిచింది, మధ్యాహ్నం కొలిచింది, దీపాల వేళ కొలిచింది. నూట డెబ్బై వోల్టులు, అటూ ఇటూ ఓ ఐదు. రెండు బల్బులకూ కలిపి ముల్లు సున్నా పాయింటు మూడు ఆంపియర్ల దగ్గర నిలబడింది. గుణిస్తే యాభై ఒకటి. యాభై ఒక్క వాట్లకు, ఈ ముసురు చలిలో, పెట్టె లోపల ముప్పై మూడు డిగ్రీలు. గదికంటే పది డిగ్రీలు ఎక్కువ. డాక్టరమ్మ అడిగింది సరిగ్గా అంతే. బడి థర్మామీటరు పెట్టె మూత చిల్లులోంచి లోపలికి దించి, ఆ ముప్పై మూడు దగ్గర తెల్లదారం కట్టింది. అమ్మకు అంకెలు రావు, దారం కనిపిస్తుంది. "పాదరసం దారం కిందికి దిగితే సీసాల వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పసిదాని పక్కకు పెట్టు" అని నేర్పింది. ఊళ్లో చుట్టాలందరూ ఏడు నెలల పిల్లను చూస్తామని వచ్చి మూత తెరుస్తుంటే తిక్క లేచి, అమ్మ చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించింది. తాను లేనప్పుడు బల్బులూ మీటా ఎవరూ ముట్టకూడదు, ఎవరొచ్చి ఏం చెప్పినా సరే. మార్త మాటంటే ఆ ఇంట్లో సర్కారు హుకుం. అన్నీ కట్టుదిట్టం చేసుకునే ఇవాళ తెల్లారిన తర్వాత బండెక్కి, మీటర్లు తిరిగిచ్చి వద్దామని వికారాబాదు వచ్చింది. కరీముద్దీన్‌ సాబు భార్య సేమియా పెట్టింది, బలవంతం చేసి రెండోసారి వడ్డించింది. పండుగ మీకు గాదు మాకు గాదు, తిను టీచరమ్మా అని నవ్వింది. సాబు మీటర్లను గుడ్డతో తుడుచుకుంటూ ఏదో అన్నాడు. ఏమన్నాడు?

"టీచరమ్మా, జర కాళ్లు ఎనక్కి తీస్కో, గుమ్మడికాయ దొర్లుతది."

అన్నది ఎదురుగా కూర్చున్న పెద్దాయన, తలకు తువ్వాలు, ఒళ్లో బంతిపూల మూట, కాళ్ల దగ్గర పసిపిల్లంత బూడిద గుమ్మడికాయ. తనను టీచరమ్మా అన్నాడంటే తెలిసినవాడే. తెలిసినవాడే! "నేను మొగులప్పను, మా భీమమ్మ మీ బడిలనే సదివె" అని పళ్లన్నీ చూపించి నవ్వాడు. ఐదొందల వాట్ల భీమమ్మ తండ్రి. మార్తకూ నవ్వొచ్చింది. అదృష్టవంతురాలు భీమమ్మ, ఇప్పుడు కొడంగల్లో మిషను కుడుతోందట, ఇద్దరు పిల్లలట. మాట కలిపే ఓపిక లేకపోయినా మర్యాదకు అడిగింది.

"ఇంత పెద్ద కాయ ఏం జేస్కుంటవు పెద్దాయనా? తాండూరుల దొర్కదా?"

"ఇయ్యాల తాండూరుల పిందె గూడ మిగల్లే టీచరమ్మా. దసరా గదా, ఫ్యాక్టరికొకటి గావాలె. మా సేటు గీ కాయకోసరమే నన్ను బండెక్కిచ్చిండు."

"ఫ్యాక్టరికెందుకు?"

"ఎందుకేంది! ఆయుధ పూజ జెయ్యరా? నాలుగ్గొట్టంగనే బండల మిషన్లు అన్ని బందు. కడుగుతరు, పసుపు కుంకుమ పెడ్తరు, పొద్దుమీకంగ కాయ గొడ్తరు. రేపు పొద్దుగాల దాక మీట ముట్టెటోడు లేడు. ఏడాదికొక్క దినం మిషన్లకు గూడ ఆరాం గావాలె గద."

"మీ ఒక్క ఫ్యాక్టరేనా?"

"ఊరంత! గా మోత లేకుంటే మాకు నిద్ర గూడ పట్టదనుకో" అని మొగులప్ప నవ్వుతూనే ఉన్నాడు. మార్త నవ్వు మాత్రం ఆగిపోయింది. బండి బయల్దేరినప్పుడు స్టేషను గడియారం నాలుగు దాటే ఉంది.

కరీముద్దీన్‌ సాబు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడికి పోతుంది, చెవిలోనే ఉంది. మీ తాండూరుల మిషన్ల బరువుకు మేం ట్రాన్స్‌ఫార్మరు మీద వోల్టులు ఎక్కువకు పెట్టి ఉంచినం టీచరమ్మా, మిషన్లు లేకుంటే రెండొందల నలభై కొడ్తది ఖాయం. సేమియా నోట్లో పెట్టుకుని అలాగా అంది. అలాగా! ఛీ, ఎంత నిదానంగా అంది! మిషన్లు లేని తాండూరు ఉంటుందని ఆమెకు తోచనే లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మోతలోనే పెరిగింది, గోడకు అవతల పక్కింటి తాత దగ్గు ఎలాగో అదీ అలాగే. దసరా అంటే వాళ్లింట్లో బడికి సెలవులు, చుట్టాల ఊరికి ప్రయాణం, తిరిగొచ్చాక పక్కవాళ్లు పెట్టే జమ్మి ఆకు, అంతే. పూజ కోసం మీటలు కట్టేస్తారని తెలిసే దారి ఏది? పొద్దున కొలిచింది, మధ్యాహ్నం కొలిచింది, దీపాల వేళ కొలిచింది, మిషన్లు లేని గంట ఒక్కటీ ఆమె కొలతల్లో లేదు. అయ్యో దేవుడా, అనుకుంది, పైకే అనుకుందేమో, వేరుశనక్కాయల మనిషి తలెత్తి చూశాడు.

సరే, భయపడి లాభం లేదు. లెక్క చెయ్యి మార్తా. పిల్లలకైతే అంటావు గదా, ఏడుపు తర్వాత, ముందు ఇచ్చినవేమిటో రాసుకొమ్మని. ఇచ్చినవి: నూట డెబ్బై దగ్గర ఒక్కో బల్బుకు సున్నా పాయింటు ఒకటి ఐదు. భాగిస్తే నిరోధం వెయ్యిన్నూట ముప్పై పైచిలుకు ఓములు. అదే నిరోధానికి రెండొందల నలభై పెడితే? వోల్టులను వోల్టులతోనే గుణించి నిరోధంతో భాగించాలి. యాభై ఏడు వేల ఆరు వందలు, కింద వెయ్యిన్నూట ముప్పై మూడు, యాభై ఒకటి దగ్గర పడుతుంది. ఒక్క బల్బుకే యాభై ఒకటి! రెంటికీ నూట రెండు. రెట్టింపు. ఆగు ఆగు, తొందరపడకు, నలభై వాట్ల బల్బు యాభై ఒకటి ఎలా ఇస్తుంది? భీమమ్మ తప్పే నువ్వూ చేస్తున్నావు. మసక వెలుతురు దగ్గర కొలిచిన నిరోధాన్ని తెల్లగా మండే బల్బుకు అంటగడుతున్నావు. ఎక్కువ కాలితే నిరోధం పెరగదూ! ఇప్పుడు పనికొచ్చేది అచ్చే. రెండొందల ముప్పై దగ్గర నలభై వాట్లు, అంటే నిరోధం పదమూడు వందల ఇరవై. దానికి రెండొందల నలభై పెడితే నలభై మూడు, నలభై నాలుగు. రెంటికీ ఎనభై ఏడు. యాభై ఒకటి కావలసిన చోట ఎనభై ఏడు. పది డిగ్రీలు పెంచే పెట్టె పదిహేడు పెంచుతుంది. గది ఇరవై మూడు. నలభై. మార్త కళ్లు మూసుకుంది. నలభై డిగ్రీల పెట్టెలో మూతేసి ఉన్న పసిది, ఏడవడానికి కూడా గొంతు సరిగా రాని పసిది.

పెట్టె ఒక్కసారిగా వేడెక్కదు, అదొక్కటే మేలు. రేకు వేడెక్కాలి, చెక్క వేడెక్కాలి, బొంత వేడెక్కాలి. గంట పడుతుంది. తాను ఇల్లు చేరేసరికీ గంటే పడుతుంది, చేరేసరికి నలభైకి చేరువలో ఉంటుంది. అమ్మ చూస్తుంది గదా, దారం చూస్తూనే కూర్చుంటుంది గదా. చూస్తుంది, చూసి సంబరపడుతుంది! కిందికి దిగితే ఏం చెయ్యాలో నేర్పింది మార్త, పైకి పోతే ఏం చెయ్యాలో నేర్పలేదు. తాండూరులో కరెంటు పైకి పోవడమన్నది ఎవరు చూశారు గనుక? పాదరసం దారం దాటి ఎగబాకుతుంటే, అబ్బ, ప్రభువు దయ, ఇయ్యాల మస్తు వెచ్చగున్నది అని స్తోత్రం చెప్పుకుంటుంది అమ్మ. రాహేలు? రాహేలు బాలింత, పడుకుని ఉంటుంది, లేచినా ముట్టదు. అక్క ముట్టొద్దంది గదా.

రాహేలు ముట్టదు. ఆ సంగతి మార్తకు ఎవరూ చెప్పక్కరలేదు. ధారూరు క్రైస్తవుల జాతరలో, ఎన్నేళ్ల మాట, డేరాలు, ఎడ్లబండ్లు, పాటలు పాడుకుంటూ పోయే జనం, ఆ తొక్కిసలాటలో చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచి నడిచి విసుగొచ్చి, ఈ బండి చక్రం దగ్గరనే నిలబడు, నేను బొరుగులు కొనుక్కొస్తా, కదిలితే తంతా అంది. బొరుగుల దగ్గర స్నేహితురాళ్లు కలిశారు, కబుర్లలో పడింది, వాన వచ్చింది, చెల్లెలు గుర్తుకొచ్చి పరుగెత్తేసరికి జనమంతా డేరాల్లోకి పోయారు, బండివాడు బండి కూడా తోలుకుపోయాడు. చక్రం లేదు గాని చక్రం ఉన్న చోట రాహేలు ఉంది. తడిసి ముద్దయి, పెదాలు నీలంగా, అడుగు కదలకుండా. కదలొద్దన్నవు గదక్కా అంది. అంత పిచ్చిది. పెళ్లయినా మారలేదు, మొదటి కాన్పు పోయినా మారలేదు, రెండోదీ పోయినప్పుడు గోడకు మొహం తిప్పుకుని పడుకుని, అన్నం తినాల్నా అక్కా అని అడిగింది, తినమంటే తింది. మొగుడు బషీరాబాదు దిక్కు బండల గనిలో పని, మంచివాడే, ఆదివారం వచ్చి పెట్టె ముందు కూర్చుని చూసిపోతాడు, వాడికీ మార్త మాటే వేదం. ఇది మూడోది. ఇది కూడా పోతే రాహేలు ఏడవదు, ఇప్పుడేం జెయ్యాలె అక్కా అని మాత్రం అడుగుతుంది. ఆ ప్రశ్న వినే ధైర్యం మార్తకు లేదు. ప్రపంచంలో దేనికైనా ఉంది గాని దానికి లేదు.

"ధారూరుల ఎంతసేపుంటది పెద్దాయనా బండి?"

"ఉంటే ఉంటది, లేకుంటే లేదు. ఏమైంది టీచరమ్మా, మొఖం గట్లయింది?"

చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు, చెబితే లెక్క సరిచూసుకున్నట్టు అనిపించింది. మొగులప్పకు ఓములూ ఆంపియర్లూ ఏం తలకెక్కాయో గాని, మిషన్లు ఆగితే బల్బు మండుతది అన్న ముక్క మాత్రం ఠక్కున పట్టుకున్నాడు. "నిజమే, పోయిన దసరాకు మా సేటు ఆఫీసుల బల్బు టప్పున పేలింది" అన్నాడు. అనగానే నాలుక కరుచుకుని, "నువ్వు పో, నీ సంచి నేను చూస్తుంటా" అని ఆమె ఒళ్లోంచి సంచి లాక్కున్నాడు.

ధారూరులో బండి పూర్తిగా ఆగకముందే దిగింది. స్టేషను మాస్టరు పచ్చజెండా చుట్టి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కోస్తా మనిషి, తెల్లకోటు, ముసురుకు విసుక్కుంటున్న మొహం. తాండూరు స్టేషనుకు ఒక్క మాట ఫోను చెయ్యాలె సార్, పసిపిల్ల పానం అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది బండ్ల కోసం పెట్టిన ఫోనమ్మా. ప్రైవేటు మాటలకు కాదు."

"పానం ప్రైవేటా సార్?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. మార్త ఊపిరి పీల్చుకుని, బడిలో ఆఖరి బెంచీకి వినబడేలా చెప్పినట్టు చెప్పింది. పెట్టె, బల్బులు, మిషన్లు, వోల్టులు. ఏడవలేదు. ఏడిస్తే ఆడమనిషి గాభరా అని కొట్టిపారేస్తారు, అంకెలు చెబితే వింటారు, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె నేర్చుకున్నది అదొక్కటి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగానే ఉందమ్మా. మీ లెక్క తప్పయితే? అక్కడ కరెంటు పెరగకపోతే? ఈ చలిలో పసిపిల్లకు బల్బు తీయించిన పాపం నాకెందుకు?"

"తప్పయితే పెట్టె చల్లబడుతది సార్. చల్లబడితే ఏం జెయ్యాల్నో అమ్మకు నేర్పే వచ్చిన, సీసా పెడ్తది. వేడెక్కితే ఏం జెయ్యాల్నో నేర్పలే. అందుకే ఒక్క బల్బు తియ్యమంటున్న. ఒక్కటి తీస్తే నలభై మూడు వాట్లుంటయి, చాలు."

"రెండూ ఆర్పేయమంటే తేలిక కదా?"

"ఆర్పితే సచ్చిపోతది సార్."

గార్డు ఈల వేశాడు. మార్త ఉలిక్కిపడి వెనక్కి చూసింది. "నేను జెండా ఊపితే గాని వాడి బండి కదలదు, కంగారు పడకండి" అంటూ ఆయన లోపలికి నడిచి ఫోను పిడి గిరగిరా తిప్పాడు. ఆమె రెండు మాటలు చెబుదామనుకుంది, బల్బు తియ్యండి, మూత జర తెరవండి అని. వద్దనుకుంది. మోసుకుపోయేవాడు రెండు మాటల్లో ఒకటి మరిచిపోతాడు, ఏది మరిచిపోతాడో మన చేతిలో ఉండదు. ఒకటే మాట చాలు. మాస్టరు గొంతు గది దాటి ప్లాటుఫారం దాకా వినిపించింది. "తాండూరా? మీ పోర్టరును పరుగెత్తించవయ్యా... స్టేషను వెనక, సైన్సు టీచరు మార్తమ్మ ఇల్లు... పెట్టెలో ఒక్క బల్బు తీసెయ్యాలి. ఆర్పడం కాదు, తియ్యడం. ఒక్కటే... రెండూ కాదయ్యా బాబూ, ఒక్కటే! ఏదీ, నువ్వు తిరిగి చెప్పు."

మళ్లీ బండి, మళ్లీ కిటికీ, మళ్లీ ముసురు. మొగులప్ప సంచి ఇచ్చి, బంతిపూల మూటను ఇంకో తొడ మీదికి మార్చుకుని చోటిచ్చాడు. ఇప్పుడు చెయ్యడానికి ఏమీ లేదు, అదే కష్టం. మనసు ఊరుకోదు గదా, పోర్టరు వెంట పరుగెత్తింది. పోర్టరు బీరన్న అయితే దారి తెలుసు, వేరేవాడైతే? బీరన్నే అయినా అమ్మ తలుపు తీస్తుందా? తీసినా ముట్టనిస్తుందా? బైబిలు మీద ఒట్టు! ఎవరొచ్చి ఏం చెప్పినా అని తానే గదా అంది. తన తాళం తానే వేసి తాళంచెవి కొంగున కట్టుకుని ఊరెళ్లింది. ఒట్టు వేయించేటప్పుడు ఎంత గొప్పగా అనిపించింది, ఇల్లంతా తన చేతి కింద ఉందని! అనంతగిరి దిక్కు మబ్బులు కమ్ముకున్నాయి, రుక్మాపూర్ స్టేషను వచ్చి పోయింది, ఎవరో ఎక్కారు ఎవరో దిగారు, మార్తకు లెక్క ఒకటే. ఇచ్చినవి: ఒట్టుకు కట్టుబడే తల్లి, చెప్పింది చేసే చెల్లెలు, నలభైకి ఎగబాకే పెట్టె. దీనికి సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా ఆమె లోపల ఒక చోట నిబ్బరంగానే ఉంది, ఆశ్చర్యంగా. మాట సరైనది. మాట సరైనదైతే అది చేరాల్సిన చోటికి చేరుతుందని ఆమె నమ్మకం. లేకపోతే ఇన్నేళ్లు నల్లబల్ల ముందు ఎందుకు నిలబడినట్టు?

తాండూరు సిగ్నలు దగ్గర బండి నెమ్మదించింది. రోజూ ఇక్కడికి వచ్చేసరికి బండల మోత చెవిన పడుతుంది, బండి చప్పుడుతో పోటీ పడుతుంది. ఇవాళ లేదు. ఎక్కడో డప్పులు, కప్పల అరుపులు, దూరంగా పిల్లల కేకలు. మొగులప్ప గుమ్మడికాయ ఎత్తుకుంటూ "చూసినవా, బందు" అన్నాడు. ప్లాటుఫారం మీద బల్బులు ఎన్నడూ లేనంత తెల్లగా మండుతున్నాయి, నేల మీద పడిన బీడీ ముక్క కూడా కనిపిస్తోంది. రెండొందల నలభై, ఒక్క వోల్టు తక్కువ కాదు. మీటరు లేకుండానే చెప్పగలదు మార్త. లెక్క తప్పలేదు. తప్పలేదంటే ఇప్పుడు ఆ నలభై డిగ్రీలు కూడా నిజమే. "జర నిమ్మలంగ పో టీచరమ్మా" అని వెనక నుంచి కేక వినబడుతుండగానే పట్టాలు దాటి పరుగెత్తింది.

గడప దగ్గరే బీరన్న ఉన్నాడు. అమ్మ రెండు చేతులూ తలుపు రెక్కలకు ఆనించి అడ్డంగా నిలబడి ఉంది, కొంగు నడుముకు చుట్టి.

"గా పెట్టె ముట్టాలంటే నా పానం మీదికెల్లి పోవాలె! నా బిడ్డ ఒట్టేయించుకోని పోయింది!"

"నీ బిడ్డనే జెప్పమన్నది పెద్దమ్మా, ఎన్నిసార్లు జెప్పాలె! ఒక్క బల్బు, ఒక్కటే!"

మార్త అమ్మ చెయ్యి కిందుగా దూరి లోపలికి పోయింది. పెట్టె ముందు మోకాళ్ల మీద కూలబడింది. కింది అర సందులోంచి వెలుతురు వస్తోంది, ఒక్క పక్కనే. రెండో పక్క చీకటి. పాదరసం దారం పైన రెండు వేళ్లంత ఎత్తులో ఉంది, చూస్తుండగానే సన్నగా కిందికి వస్తోంది. మూత ఎత్తి చెయ్యి పెట్టింది. నుదురు వెచ్చగా ఉంది, ఎక్కువ కాదు. పసిది మూతి చప్పరించి, వేలంత లేని చేతిని ఒకసారి ఆడించింది. మార్తకు అప్పుడు ఏడుపు వచ్చింది. వస్తే రానీ, ఇక్కడ ఎవరికీ అంకెలు చెప్పక్కరలేదు.

పక్కన గోడకు ఆనుకుని రాహేలు కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్లు చెంబులో నీళ్లలో ముంచుకుని ఉంది. ఒళ్లో బల్బు.

"ఎవరు తీసిండ్రు?"

"నేనే."

"అమ్మ ఊకున్నదా?"

"అమ్మ గాయనతోటి కొట్లాడుతుంటే కొంగుతోటి పట్టుకోని నొక్కి తిప్పిన. జర కాలింది."

మార్త ఆమె చెయ్యి నీళ్లలోంచి తీసి చూసింది. రెండు వేళ్ల కొసలు పొంగాయి. ధారూరు జాతరలో తన కోసం తడుస్తూ నిలబడిన పిల్ల చెయ్యి ఇదే. "ఎవరు జెప్పినా ముట్టొద్దన్న గద రాహేలూ" అంది. తిట్టడానికి కాదు, తెలుసుకోవాలని. "గాయన అబద్ధమాడుతుండనుకోలేదా?"

రాహేలు పరీక్షలో అడిగినట్టు సర్దుకుని కూర్చుంది.

"బల్బులు ఆర్పుండ్రి అంటే ఇనకపోతుంటి అక్కా. ఎవరైన గంతే అంటరు, కాలుతున్నది, ఆర్పుండ్రని. గాయన ఒక్కటే తియ్యుమన్నడు. రెండు గాదు, ఒక్కటే అని మూడు సార్లు జెప్పిండు. లోకంల నువ్వు గాక గట్ల జెప్పెటోళ్లు ఎవరుంటరు?"

వెనక గుమ్మంలో అమ్మ తలుపు రెక్కల మీది చేతులు దించింది. మార్త తన చీర అంచు నుంచి ఒక ఎర్రపోగు లాగింది. థర్మామీటరు మీద తెల్లదారానికి పైన కొంచెం ఎడంగా చుట్టి ముడి వేసింది. "గీ ఎర్రది దాటితే ఒక్క బల్బు తియ్యాలె. తెల్లది దిగితే పెట్టాలె. ముందు మీట బందు జేసి, పొడి గుడ్డ పట్టుకో" అంది. రాహేలు తల ఊపింది, తన ఒళ్లోని బల్బు వంక చూసుకుంది.

"మిషన్ల మోత మొదలైనంక గిది మల్ల పెట్టాలె గద? నిన్ను లేపాల్నా అక్కా?"

"నన్నెందుకు లేపుడు? నీకు రాదా?"

రాహేలు నవ్వింది, ఆ ఇంట్లో ఆ నవ్వు చూసి చాలా రోజులయింది. బల్బును కొంగుతో తుడిచి, గూట్లో తన చేతికి అందే చోట పెట్టుకుంది.